రెండో రీడింగు

ఆ సోమవారం మధ్యాహ్నం మూడున్నరకి ముచ్చటగా మూడోసారి గుట్ట ఎక్కాను. మొదటి రెండుసార్లు తెచ్చిన రీడింగులు యార్డు మేనేజరు రామ్మూర్తి గారికి నచ్చలేదు మరి!

ఇబ్రహీంపట్నం దాటాక, బొగ్గు కడిగే ఒక ప్రైవేటు యార్డు వెనక ఉంటుందా గుట్ట. కడగ్గా మిగిలిన రాళ్ళూ మట్టీ ఏళ్ళ తరబడి పోస్తే పెరిగింది. దాని కిందే పద్దెనిమిది ఇళ్ళు. గుట్ట ఇళ్ళ మీదికి జరుగుతోందా లేదా అని వారం వారం కొలవడం నా ఉద్యోగం. కొలిచింది ఎవరూ వినకపోవడం కూడా అందులో భాగమే.

కొలిచే పద్ధతి సులువే. గుట్ట పైనుంచి లోపలికి ఇరవై నాలుగు మీటర్ల గొట్టం దింపి ఉంటుంది. వైరు చివర కట్టిన ప్రోబు అనే కొలత కడ్డీని అందులో అడుగుదాకా వదిలి, అర మీటరుకోసారి పైకి లాగుతూ, గొట్టం ఎక్కడ ఎంత వంగిందో రీడింగు డబ్బాలో ఎక్కించుకోవాలి. తర్వాత ప్రోబుని అటుది ఇటు తిప్పి, మళ్ళీ దింపి, రెండో రీడింగు తియ్యాలి. రెండూ సరిపోతేనే లెక్క.

తొమ్మిది మీటర్ల దగ్గర గొట్టం ఇళ్ళవైపు వంగిందని మొదటి రీడింగు పొద్దుటినుంచీ మొత్తుకుంటోంది. రెండోదే పూర్తి కావడం లేదు. ప్రోబు అక్కడికొచ్చి ఇరుక్కుపోతోంది.

"రెండూ సరిపోకుండా సైరన్ ఎలా మోగిస్తానండీ? పోయినేడాది ఊరికే మోగింపజేసి నా పరువు తీశారు. వెళ్ళి సరిగ్గా తీసుకురండి, అనంతకృష్ణ గారూ" అన్నారాయన, ఏసీ గదిలోంచి కదలకుండా. ఇరుక్కోవడమే గుట్ట జరుగుతోందనడానికి గుర్తని చెప్తే వినరే! నాకు ఒళ్ళు మండిపోయింది.

పోనీ నేనే చెబుదామని మొదటి ఇంటి రావమ్మ దగ్గర ఆగాను. ముగ్గురు మనవలకి అన్నం కలుపుతోంది.

"సైరన్ మోగలేదు కదండీ. మోగితే వెళ్తాం. పోయినసారి రోజంతా రోడ్డు మీద కూర్చోబెట్టారు" అంది.

ఆవిడ తప్పేముంది? తిట్టుకుంటూ పైకెక్కాను.

వాన సన్నగా పడుతోంది. తడిసిన బొగ్గు వాసన, దాని అడుగున కాలిన అగ్గిపుల్ల వాసన. వైరు పట్టే బాలశౌరి ప్రోబుని తిప్పి గొట్టంలోకి వదిలాడు. వైరు మీద గుర్తులు ఒక్కొక్కటే లోపలికి వెళ్ళాయి. తొమ్మిది దగ్గర ఆగింది.

"దిగట్లేదు సార్."

"మళ్ళీనా? కాస్త కదిలించి చూడు!"

కదిలించాడు. దిగలేదు. డబ్బాని నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

అప్పుడు డబ్బా కూసింది.

ఇరవై నాలుగు మీటర్లు. రీడింగు ఎక్కింది.

మళ్ళీ కూసింది. ఇరవై మూడున్నర.

"బాలశౌరీ... వైరు ఎంతలో ఉంది?"

"తొమ్మిదిలోనే సార్. నా చేతిలోనే ఉంది గుర్తు."

ఇరవై మూడు. ఇరవై రెండున్నర. ఎవరో ఓపిగ్గా, అర మీటరుకోసారి ఆగుతూ పైకి లాగుతున్నట్టు... ప్రతి అంకె మొదటి రీడింగుతో అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. నా ఏడేళ్ళ ఉద్యోగంలో అంత శుభ్రమైన రీడింగు చూడలేదు.

గొట్టంలోంచి గాలి తగిలింది. వెచ్చగా. ఆగింది. మళ్ళీ తగిలింది.

"సార్..." బాలశౌరి వైరుని రెండు చేతులా పట్టుకున్నాడు. "కింద ఎవరో పట్టుకున్నారు సార్."

వైరు ఒక్క గుంజు గుంజింది. అతను వదిలేశాడు. వైరు డబ్బాలోంచి ఊడి, సర్రున గొట్టంలోకి జారిపోయింది.

ఊడిన డబ్బా నా చేతిలో కూస్తూనే ఉంది. ఎనిమిదిన్నర... ఎనిమిది...

అర మీటరు దగ్గర ఆగింది. రెండో రీడింగు పూర్తయింది.

పరిగెత్తాం. రామ్మూర్తి గారు రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఇదేదో పొద్దున్నే తెస్తే సరిపోయేది కదండీ" అని సైరన్ నొక్కారు. ఐదూ ఇరవైకి గుట్ట విరిగి పద్దెనిమిది ఇళ్ళనీ కప్పేసింది. అప్పటికే అందరూ బయటపడ్డారు. ఒక్క ప్రాణం పోలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. కూలిన గుట్టని యార్డువాళ్ళు చదును చేసి, దాని మీదే ఆ కుటుంబాలకి రేకుల షెడ్లు వేశారు. వద్దని మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. అసలు కారణం రాస్తే నన్నే పిచ్చివాణ్ణంటారు.

బ్యాటరీ తీసేసి మా విజయవాడ ఆఫీసు బీరువాలో పెట్టిన డబ్బా ప్రతి సోమవారం ఒక్కసారి కూస్తోంది. ఒక్క రీడింగు. ఇరవై నాలుగుతో మొదలై, వారానికో అర మీటరు పైకి. నిన్న, ఒకటిన్నర.

వెంటనే రావమ్మకి ఫోన్ చేసి, పిల్లల్ని తీసుకుని అక్కణ్ణించి వెళ్ళిపొమ్మని బతిమాలాను.

"నేనూ వెళ్దామనే అంటున్నానండీ. వీళ్ళే రావట్లేదు" అంది గొంతు తగ్గించి. "ముగ్గురూ నేలకి చెవులాన్చి పడుకున్నారు. లేపబోతే, ఉండు అమ్మమ్మా, కిందినుంచి మాట్లాడుతున్నారు అంటున్నారు."

"ఎవరు?"



"మీ గొంతేనంటున్నారండీ."