మేకుకున్న కోటు

ఆ ఐస్‌క్రీమ్ గోదాము పేరెత్తితే ఆ వీధిలో పిల్లలే కాదు, మీసాలొచ్చినవాళ్ళు కూడా మాట మార్చేస్తారు. పగలంతా బాగానే ఉంటుంది. ఆటోలు వస్తుంటాయి, పెట్టెలు ఎక్కుతుంటాయి, ఓనరు ఫోన్‌లో అరుస్తుంటాడు. చీకటి పడిందంటే మాత్రం... వెనకాల కోల్డ్ రూమ్ తలుపును లోపల్నుంచి ఎవరో కొడతారు.

టక్... టక్... టక్.

మూడుసార్లు కొట్టి ఊరుకుంటుందట. ఎవరో ఎప్పుడో లోపల ఇరుక్కుపోయి, గడ్డకట్టి పోయారట. ఎవరంటే చెప్పేవాళ్ళు లేరు, ఎప్పుడంటే చెప్పేవాళ్ళు లేరు. అలాంటి కథలకు అవేమీ అక్కర్లేదు కూడా.

ఓనరు మాత్రం పకపకా నవ్వేవాడు. "ఐసు బిగిసినప్పుడు రేకులు అలాగే చప్పుడు చేస్తాయి. దెయ్యానికి కాపురం పెట్టడానికి నా కోల్డ్ రూమే దొరికిందా?" అనేవాడు. ఆయన ఎంత నవ్వినా సాయంత్రం పనికి ఎవరూ నిలిచేవాళ్ళు కాదు. వారం తిరక్కుండా ఏదో వంక చెప్పి మానేసేవాళ్ళు.

చక్రానికి ఆ పని దొరికింది అందుకే.

చక్రం అంటే మనిషే — పధ్నాలుగేళ్ళ పిల్ల. పక్కింటి అమ్మాయి వాడి వదిలేసిన స్కేట్లు కట్టుకుని డాబా మీదా, బస్టాండు వెనకాల నున్నటి గచ్చు మీదా, ఎక్కడ పడితే అక్కడ రయ్యిమని తిరుగుతుంటే వాళ్ళ అన్నయ్య పెట్టిన పేరది. ఆ పేరే ఖాయమైపోయింది. పాదాలు పెరిగాయి గానీ స్కేట్లు పెరగవుగా. వేళ్ళు ముడుచుకుని, బొబ్బలెక్కి, కుంటుకుంటూ ఇంటికొచ్చేది. బజార్లో ఆటసామాన్ల కొట్టు అద్దాల వెనక నీలం చక్రాల జత ఒకటి ఉంది. దాని ముందు నిలబడితే ఆ పిల్లకి ఆకలి కూడా తెలిసేది కాదు.

"చక్రాలకి డబ్బులేంటే? నడవడానికి కాళ్ళున్నాయిగా, చాలు," అంది వాళ్ళమ్మ.

సరే, తన డబ్బులు తనే సంపాదించుకుంటానని పని కోసం కాళ్ళరిగేలా తిరిగింది చక్రం. జిరాక్స్ కొట్టతను పెద్దయ్యాక రమ్మన్నాడు. టైలరు కాజాలు కుట్టడం వచ్చా అని అడిగి, రాదనగానే మొహం తిప్పుకున్నాడు. మందుల షాపాయన అసలు తలే ఎత్తలేదు. ఐస్‌క్రీమ్ ఓనరు ఒక్కడే ఎగాదిగా చూసి, "దెయ్యమంటే భయమా?" అని అడిగాడు.

"ఎందుకంకుల్? జీతం అదిస్తుందా?" అంది చక్రం.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, మర్నాటి నుంచి రమ్మన్నాడు.

బడి వదిలాక వెళ్ళాలి. డబ్బాల మూతలకి జిగురు రాసి లేబుళ్ళు అంటించాలి, అట్టపెట్టెల్లో సర్దాలి, కోల్డ్ రూమ్‌లో పెట్టి రావాలి. ఓనరు కాపురం ఆ పైన మేడ మీదే. ఆయన భోజనానికి పైకి వెళ్ళిపోయాక నేల కడిగి, షట్టరు దించి, తాళాలు మేడ మీద ఇచ్చేసి ఇంటికి పోవాలి.

కోల్డ్ రూమ్ దగ్గర ఒక పద్ధతి ఉంది. తలుపు పక్కన మేకుకి మందపాటి కోటు ఒకటి వేలాడుతుంటుంది. లోపలికెళ్ళేవాళ్ళు అది తొడుక్కోవాలి, తలుపు మూసుకుపోకుండా ఖాళీ క్రేటు అడ్డం పెట్టుకోవాలి. ఎందుకంటే లోపల్నుంచి తలుపు తెరిచే గుండీ చెడిపోయి చాలా కాలమైంది. "రేపు బాగుచేయిస్తా," అంటుండేవాడు ఓనరు. మేకు ఖాళీగా ఉందా — లోపల మనిషి ఉన్నట్టు, తలుపు జోలికి పోకూడదు. కోటు మేకుకే ఉండి తలుపు ఓరగా కనిపించిందా — ముందు మూసెయ్యాలి, తర్వాతే ఏ పనైనా. చలి బయటికి పోతే సరుకంతా నీళ్ళపాలే.

చక్రానికి ఆ పని కొట్టిన పిండి అయిపోయింది. రేకులు టక్‌టక్‌మంటే, "వస్తున్నా, ఉండవే," అని వేళాకోళం ఆడేది. ఆటసామాన్ల కొట్టతను కూడా ఆ జత ఎవరికీ అమ్మనని మాటిచ్చాడు. ఇంకొక్క నెల గడిస్తే నీలం చక్రాలు తన కాళ్ళకే.

అప్పుడు వచ్చాడు పిట్ట.

పన్నెండేళ్ళుంటాయేమో వాడికి. పిట్టంత మనిషి. నోట్లో వేలు పెట్టినా కొరకలేడన్నట్టు ఉండేవాడు. వాడికి మౌత్ ఆర్గాన్ కావాలట, అందుకని పనిలో చేరాడు. ఏం చెప్పినా "సరే అక్కా" తప్ప ఇంకో మాట లేదు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. వాడు అంటించిన లేబుళ్ళు గీత గీసినట్టు ఉండేవి. చక్రం అంటించినవి చక్రం అంటించినట్టే ఉండేవి.

వానలు మొదలయ్యాయి. ఓ సాయంత్రం ఓనరు ఇద్దర్నీ పిలిచి, "ఈ వానల్లో ఐస్‌క్రీమ్ తినేవాడెవడు? వచ్చే నెల నుంచి మీలో ఒక్కళ్ళు చాలు," అన్నాడు. అంటూ అంటూ పిట్ట చేతిలోని డబ్బా కేసి మురిపెంగా చూశాడు.

ఆ రాత్రి చక్రం కలలో నీలం చక్రాలు వేరే ఎవరి కాళ్ళకో కనిపించాయి. నాలుగు గింజల కోసం వచ్చిన పిట్టని తరిమేయడం ఎంతసేపు అనుకుంది. అనుకోవడమే ఆలస్యం, దారి కూడా దొరికింది — ఇంట్లోనే దెయ్యం ఉండగా బయట వెతుక్కోవడం దేనికి?

మర్నాడు జిగురు కలుపుతూ గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"పిట్టా... నీకెవరూ చెప్పలేదా?"

"ఏంటక్కా?"

"కోల్డ్ రూమ్‌లో ఉన్నదాని గురించి."

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ కళ్ళు చూసేసరికి చక్రానికి ఊపొచ్చింది. వీధిలో చెప్పుకునే పాత కథకి తనే చేతులూ కాళ్ళూ అతికించింది.

"కోటు మేకుకే ఉంటుంది... లోపల ఎవరూ ఉండరు. అయినా తలుపు కొడుతుంది. తీశావో, నిన్ను లోపలికి లాగి అది బయటికొచ్చేస్తుంది. నీ బట్టలేసుకుని మీ ఇంటికెళ్ళి మీ అమ్మ పక్కనే పడుకుంటుంది. తెలిసినవాళ్ళ గొంతు తెచ్చుకుంటుందిరా... ఏడుస్తుంది. నేనేరా అంటుంది."

"నీ గొంతు కూడానా అక్కా?"

"నాదేంటి, మీ అమ్మదైనా తెచ్చుకుంటుంది. దెయ్యం లేదు, అంతా అబద్ధం అని కూడా అంటుంది. నమ్మావో... పోయావురా."

రేపటి నుంచి వీడు రాడులే అనుకుంది చక్రం. మర్నాడు వాడు తనకంటే ముందొచ్చి మూతలు తుడుస్తూ కనిపించాడు. ఆ మర్నాడూ అంతే. భయం లేక కాదు, కోల్డ్ రూమ్ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే గోడకి అంటుకుపోయి నడిచేవాడు. మౌత్ ఆర్గాన్ అలాంటిది మరి.

అయితే చెప్పి లాభం లేదు, చూపించాల్సిందే అనుకుంది చక్రం.

ఆ రాత్రి వాన కుండపోతగా కురుస్తోంది. ఓనరు పైకి వెళ్ళిపోయాడు. జిగురు బ్రష్షులు కడిగి తెమ్మని పిట్టని పెరట్లో పంపుకి పంపించింది. వాడలా వెళ్ళగానే కోల్డ్ రూమ్ తలుపు తీసి, క్రేటు అడ్డం పెట్టి, లోపలికి దూరింది. కోటు ముట్టుకోలేదు. అది మేకుకి వేలాడుతుంటేనే కదా, కొట్టేది దెయ్యమని వాడు నమ్ముతాడు! రెండు నిమిషాల పని. వాడు రాగానే మూడు దెబ్బలు కొడితే చాలు... మళ్ళీ ఈ వీధి మొహం చూడడు.

తలుపు వెనక ఒదిగి నిలబడింది. ముక్కుపుటాలు గడ్డకడుతున్నాయి. నవ్వు ఆగట్లేదు.

అడుగుల చప్పుడు వినిపించింది. వాడే. ఒక్క క్షణం ఆగాడు. చక్రం కొట్టడానికి చెయ్యెత్తింది...

క్రేటు జరిగిన చప్పుడైంది. తలుపు సందులోంచి పడుతున్న వెలుగు సన్నబడి, దారమంత అయి, పోయింది.

టప్!

కోటు మేకుకే ఉండి తలుపు ఓరగా కనిపిస్తే ముందు మూసెయ్యాలి. వాడు మూసేశాడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు కదా.

ఆ తర్వాత బయట స్విచ్చు నొక్కిన చప్పుడు. లోపలి దీపం ఆరిపోయింది.

చక్రానికి పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులతో తలుపు బాదింది. బయట అడుగులు ఠక్కున ఆగిపోయాయి. తలుపు కింద రబ్బరు కాస్త చిరిగిన చోటు ఒకటుంది. బోర్లా పడుకుని అక్కడ నోరు పెట్టింది.

"పిట్టా... నేనేరా! తలుపు తియ్యి!"

చాలాసేపటికి, ఊపిరి వదిలినంత మెల్లగా వినిపించింది.

"కోటు... మేకుకే ఉంది."

"వేసుకోలేదురా! నిన్ను భయపెడదామని వచ్చాను! దెయ్యం లేదు, గియ్యం లేదు... అంతా నేనే కల్పించాను. అబద్ధంరా!"

"అది ఇలాగే అంటుందని అక్క చెప్పింది," అన్నాడు పిట్ట.

చక్రం ఏడ్చింది. బతిమాలింది. ఒట్లు పెట్టింది. పెట్టిన ప్రతి ఒట్టూ, ఏడ్చిన ప్రతి ఏడుపూ అచ్చం దెయ్యం చేసేదేనని తనే చెప్పింది మరి! ఏ మాట ఎత్తబోయినా ముందే తను దానికి తాళం వేసి పెట్టింది. చివరికి గొంతు పూడుకుపోయి, పెదాలు కదలక, నోరు మూసుకుని తలుపుకి ఆనుకుంది.

అప్పుడు... బయట గడియ కదిలింది.

కిర్రుమని సగం తిరిగింది. చక్రం ఊపిరి బిగబట్టింది. ఇంకాస్త... ఇంకొక్క కాస్త తిరిగితే చాలు.

గడియ ఆగిపోయింది. మెల్లగా, మళ్ళీ మొదటి చోటికే వెళ్ళిపోయింది. అడుగులు దూరమయ్యాయి. కాసేపటికి షట్టరు దిగింది.

ఆ చీకట్లో, వెనకాల పెట్టెల మధ్య నుంచి...

టక్... టక్... టక్.

రేకులే అనుకుంది. రేకులే, రేకులే అని తనకి తనే చెప్పుకుంటూ కూర్చుంది. కాలివేళ్ళు మంటపుట్టాయి, తర్వాత మంట తగ్గింది, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు.

ఎంతకీ ఇంటికి రాకపోయేసరికి వాళ్ళమ్మ గొడుగేసుకుని వెతుక్కుంటూ వచ్చింది. "అక్క కనపడలేదు, వెళ్ళిపోయినట్టుంది" అని తాళాలిస్తూ చెప్పాడట పిట్ట. ఓనరు షట్టరు తీస్తే బల్ల మీద బడి సంచి కనిపించింది. మిగతాదంతా వెతికి, ఆఖరికి ఆ తలుపు తీశారు.

ప్రాణం దక్కింది. కుడికాలి వేళ్ళు మూడు దక్కలేదు.

ఓనరు ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకున్నాడు. మర్నాడే లోపలి గుండీ బాగుచేయించాడు. ఎన్నాళ్ళుగానో చెప్తున్న ఆయన 'రేపు' చివరికి అలా వచ్చింది. వాళ్ళమ్మని అడిగి తెలుసుకుని నీలం చక్రాల స్కేట్లు కూడా కొనిచ్చాడు. ఆ పెట్టె మంచం కిందే ఉంది, తాడు కూడా విప్పలేదు. కోటెందుకు వేసుకోలేదే అని అందరూ అడిగారు. చక్రం గోడవైపు తిరిగి పడుకుంది.

చక్రాన్ని ఇంటికి తెచ్చాక ఓ సాయంత్రం పిట్ట వచ్చాడు. తల వంచుకుని మంచం పక్కన నిలబడ్డాడు. "పాపం, వాడేం చేస్తాడు, పసివాడు," అని వాళ్ళమ్మ వాడి తల నిమిరి వంటింట్లోకి వెళ్ళింది.

"తీద్దామనే అనుకున్నానక్కా," అన్నాడు వాడు మెల్లగా. "గడియ మీద చెయ్యి కూడా వేశాను. సగం తిప్పాను... ఇంతలో నువ్వే అన్నావు."

"ఏమన్నాను?"

"తీయకురా పిట్టా... ఇక్కడున్నది నేను కాదు, అన్నావు."

చక్రానికి ఒళ్ళంతా మళ్ళీ ఆ గదిలో ఉన్నట్టయింది. గడియ తిరిగినప్పుడు తను నోరు మెదపలేదు. మెదపలేకపోయింది.

"నేననలేదురా."

"తెలుసక్కా," అన్నాడు పిట్ట. "ఎవరి గొంతైనా తెచ్చుకుంటుందని నువ్వే చెప్పావుగా."

అది నేను కల్పించిందిరా అనబోయింది. వాడు చెప్పింది నిజమైతే, ఆ చీకట్లో తన వీపు వెనకే నిలబడి తన గొంతుతో మాట్లాడింది ఎవరో. నిజం కాకపోతే... గడియ మీద చెయ్యి వేసి, బాగా ఆలోచించుకుని, ఆ చెయ్యి తీసేసింది పిట్టే. రెండింటిలో ఏది ఎక్కువ భయమో ఆ పిల్లకి తేలలేదు.

"వెళ్ళొస్తానక్కా. పనికి టైమైంది," అని వాడు బయటికి నడిచాడు.

కాసేపటికి కిటికీ కింద వీధిలోంచి మౌత్ ఆర్గాన్ వినిపించింది. కొత్తది. వాడికింకా పాట పట్టుబడినట్టు లేదు. ఒకే స్వరాన్ని తెంపి తెంపి మూడుసార్లు ఊది, ఆపేశాడు.