రెండు నిమిషాలమ్మ సెలవుచీటీ

పాలవాడు పాలలో నీళ్లు కలుపుతాడు. సిరా అమ్మేవాడు సిరాలో కలుపుతాడు. నేను మాత్రం నా కథల్లో ఒక్క చుక్క నీళ్లు కలిపి ఎరుగను. ఈ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెబుతాను. ఇక వినండి.

మా మేడ మూడో అంతస్తులో ఒకావిడ ఉండేది. పార్సిల్ ఆఫీసులో కౌంటర్ ఆవిడదే. భర్త పోయి నాలుగేళ్లయింది. ఎనిమిదేళ్ల కూతురు. మేడలో ఎవరు తగువు పడ్డా మధ్యలో దూరి తీర్పు చెప్పేది కనుక ఆ పిల్లను అందరం జడ్జిగారు అనేవాళ్లం.

పొద్దున్న ఏడూ నలభైకి స్కూలు వ్యాన్ వచ్చి కింద హారన్ కొట్టేది. అలాంటిలాంటి హారన్ కాదు. దాని దెబ్బకి మా ఇంట్లో ఏడాదిగా ఆగిపోయిన గోడ గడియారం ఉలిక్కిపడి నడవడం మొదలుపెట్టింది. హారన్ మోగగానే పైన బాల్కనీలోంచి ఒక తల, ఒక చేతిలో దువ్వెన, ఇంకో చేతిలో సాక్సు, ఒక కేక: "రెండు నిమిషాలు!"

ఆ రెండు నిమిషాలు ఏనాడూ ఆరుకి తగ్గలేదు. అందుకే డ్రైవర్ ఆవిడకి రెండు నిమిషాలమ్మ అని పేరు పెట్టాడు. ఆవిడేం తక్కువ తిన్నదా? అతనికి హారన్ బాబు అని పెట్టింది.

"మీ ఇంట్లో నిమిషానికి ఎన్ని సెకన్లండీ?" అనేవాడు.

"మీ హారన్‌కి ఎప్పుడూ గొంతునొప్పి రాదాండీ?"

"పాపకి జడ ఒకవైపే వేశారు."

"రెండోది మీరు వెయ్యండి. సిగ్నల్ దగ్గర ఊరికే కూర్చునే బదులు."

మాటవరసకు అన్న మాట. అతను నిజంగానే వేశాడు. మొదటి రోజు అది జడలా లేదు, సామాన్లకి కట్టిన తాడులా ఉంది. నెల తిరిగేసరికి ఏది తల్లి వేసిందో ఏది డ్రైవర్ వేశాడో పోల్చుకోవడం కష్టమైంది. సాయంత్రాలు ఆవిడ కూతురి రెండో జడ విప్పుతూ, ఎందుకో ఆ ఒక్క జడకే ఎక్కువసేపు తీసుకునేది.

అంతలో స్కూలుకి పదిహేను రోజులు సెలవులు వచ్చాయి. పిల్లలకి సెలవులంటే పార్సిల్ ఆఫీసుకి తుఫానే. ఊళ్లో ప్రతివాడికీ ఇంకొకడికి ఏదో ఒకటి పంపించాలని అప్పుడే గుర్తొస్తుంది. మేనేజరు గోడకి ఒక కాగితం అంటించాడు: ఈ పదిహేను రోజులూ 'సెలవు' అన్న మాట ఈ గదిలో ఎవరి నోటా వినబడరాదు. ఆ రోజునుంచీ అందరూ దాన్ని 'ఆ మాట' అనడం మొదలుపెట్టారు.

రెండు నిమిషాలమ్మ కష్టం అక్కడే ఉంది. సెలవుల్లో ఒక రోజు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఫోన్ ఇంట్లో వదిలేసి, చెరువులో బోటు ఎక్కిస్తానని కూతురికి మాటిచ్చింది. కిందటేడూ ఇచ్చింది, తప్పింది. అప్పుడు జడ్జిగారు రాసిన తీర్పు ఇంకా ఫ్రిజ్ మీద అంటించే ఉంది: "అమ్మకి ఒక ఏడాది గడువు. మళ్లీ తప్పితే ఇంకెప్పుడూ అడగను."

అలుగుతాను అని రాసి ఉంటే ఆవిడ నవ్వుకునేది. 'అడగను' అన్నదే ముల్లులా గుచ్చుకుంది.

పగలు పిల్ల నా దగ్గర కథలు వింటూ ఉండేది. తల్లి పార్సిళ్ల గుట్టల మధ్య లేబుళ్లు రాస్తూ ఉండేది. బండ్లు చాలక ఆఫీసువాళ్లు స్కూలు వ్యాన్లను అద్దెకి పిలిచారు. మొదటిరోజు ఎనిమిదింటికి రావలసిన వ్యాన్ ఎనిమిదీ పదికి వచ్చింది. దిగింది ఎవరో చూసి, ఆవిడ కౌంటర్ మీది గంట టింగుటింగుమని ఆపకుండా కొట్టింది.

"వస్తున్నానండీ! రెండు నిమిషాలేగా..." అని హారన్ బాబు నాలుక కరుచుకున్నాడు.

ఆ నవ్వులకి గుట్ట మీదినుంచి నాలుగు పార్సిళ్లు జారిపడ్డాయి.

ఆవిడ మధ్యాహ్నం నిలబడే రొట్టె నములుతుంటే అతను ఎక్కడినుంచో స్టూలు తెచ్చి వేశాడు.

"కూర్చుని తింటే రొట్టె ఏమీ అనుకోదండీ."

"కూర్చుంటే లేవలేనేమోనని భయం."

"లేవకపోతే హారన్ కొడతాగా." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "బోటు సంగతి జడ్జిగారు చెప్పింది. ఆ మాట దొరికిన రోజు నాకు చెప్పండి. ఎనిమిదికల్లా కింద ఉంటా. బోటు దగ్గరికి నేనే తీసుకెళ్తా."

ఆవిడ తలెత్తి చూసింది. ఆ చూపు దెబ్బకి ఆ రోజు రెండు లేబుళ్ల మీద ఊళ్లు తారుమారయ్యాయి.

సెలవులు మూడు రోజుల్లో అయిపోతాయనగా, గురువారం, మేనేజర్ని శనివారం ఒక్క రోజు అడిగింది. ఆయన శనివారం పంపాల్సిన పార్సిళ్ల గుట్ట వైపు వేలు చూపించాడు. అది పైకప్పుని తాకుతోంది. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా హారన్ బాబు.

"జడ్జిగారికి మాటిచ్చారు కదండీ?"

పాపం, మంచికే అడిగాడు. పుండు మీద పడింది.

"నా పిల్ల సంగతి మీకెందుకండీ? వ్యాన్ తోలడం మీ పని. అది చూసుకోండి!"

"అలాగేనండీ," అన్నాడు. ఆ రోజంతా వీధిలో ఎక్కడా హారన్ వినబడలేదు. మా గడియారం మళ్లీ ఆగిపోయింది.

శుక్రవారం తెల్లవారకముందే అతను మరో ఇద్దరు డ్రైవర్లను లేపుకొచ్చాడు. ముగ్గురూ శనివారం గుట్టని కూడా మోయడం మొదలుపెట్టారు. సాయంత్రం నాలుగయ్యేసరికి ఆ గది నేల ఏ రంగులో ఉంటుందో మేనేజరు మొదటిసారి చూశాడు.

"రేపు ఇక్కడ కూర్చుని ఈగలు తోలుతావా అమ్మా? పో, తీసుకో... ఆ మాట!"

ఆవిడ గుండె బంతిలా ఎగిరింది. హారన్ బాబు వెనకసందులో ఆఖరి విడత ఎక్కిస్తున్నాడు. కౌంటర్ దగ్గరేమో మనుషులు. గబగబా ఒక లేబుల్ మీద రాసి, పరిగెత్తుకెళ్లి, వ్యాన్ అద్దానికి అంటించి వచ్చేసింది.

అప్పుడు దిగింది చూడండి వాన! ఏనుగు తొండాలతో పోసినట్టు పోసింది. సందులో కప్పలు గొడుగులు వెతుక్కున్నాయి. ఆవిడ లేబుల్ మీద ఎంత రాసిందో, వాన ఎంత మింగిందో గాని, అతను వచ్చి చూసేసరికి దాని మీద ఒక్క మాటే మిగిలింది: సెలవు.

అతను దాన్ని ఊడదీసి, మడిచి జేబులో పెట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. కిటికీలోంచి చూసిన ఆవిడ, అబ్బో, సిగ్గు కూడా ఉందే, అనుకుంది.

మర్నాడు ఎనిమిదికి ఐదు నిమిషాలుండగానే తల్లీకూతుళ్లు కిందికి దిగారు. సాక్సులు రెండూ ఉన్నాయి, జడలు రెండూ ఉన్నాయి. మేడంతా బాల్కనీల్లోకొచ్చి ఆ వింత చూసింది. ఎనిమిదయింది. ఎనిమిదీ పదయింది. హారన్ లేదు.

"అమ్మా, మాట తప్పింది నువ్వా, ఆయనా?" అంది జడ్జిగారు.

"ఎవరూ తప్పలేదు. పద."

అతని ఇల్లు రెండు వీధుల అవతల. ఇంటి ముందు వ్యాన్, అద్దం దించి ఉంది. ఆవిడ చెయ్యి లోపలికి పెట్టి హారన్ నొక్కింది. నొక్కిన చెయ్యి తియ్యలేదు.

మొదటి అంతస్తు బాల్కనీలోకి సగం గీసిన గడ్డం, సగం నురగ పరిగెత్తుకొచ్చాయి.

"రెండు నిమిషాలు!" అని అరిచి, అరిచాక కిందికి చూశాడు. చేతిలోని బ్రష్షు జారి వ్యాన్ మీద పడింది.

పక్కనుంచి వాళ్లమ్మ తొంగిచూసింది. "ఎవరమ్మా?"

"నేనే అత్తయ్యగారూ..." అంది ఆవిడ. పిన్నిగారూ అనబోయిందిట. నాలుక ఎవరి మాట వింటుంది?

"ఏమన్నావూ? నాకు కుడిచెవి మందం. ఎడమ చెవికి వినబడేలా ఇంకోసారి చెప్పు!"

నురగతోనే అతను కిందికి దిగాడు.

"చీటీ పెట్టాను కదండీ!" అంది ఆవిడ.

"పెట్టారు. సెలవు అని ఉంది."

"అవును, సెలవే!"

"నేను... ఇక సెలవు, అనుకున్నా. ఉత్తరం చివర రాస్తారే, ఆ సెలవు. అంతకుముందు రోజే కదా నా పని నన్ను చూసుకోమన్నారు."

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చి గొంతులో ఢీకొన్నాయి. "పదిహేను రోజులుగా నోట అనడానికి లేని మాటండీ అది. దొరగ్గానే మొదట మీకే రాశాను. పొమ్మని కాదు, రమ్మని. ఆ రోజు అన్నదానికి... తప్పు నాది."

జడ్జిగారు అతని జేబులోంచి చీటీ లాగి, తిప్పి చూసి, గొంతు సవరించుకుంది. "అమ్మ తక్కువ రాసింది. ఆయన ఎక్కువ చదివాడు. ఇద్దరికీ ఒకే శిక్ష. ఒకే బోటు."

హారన్ బాబు చేతులు కట్టుకుని రాజుగారి ముందు బంటులా వంగాడు. "అమ్మగారూ, నాకేం సెలవు?"

"ముందు మిగిలిన గడ్డం గీసుకోండి. తర్వాత బోటులో తెడ్డు వెయ్యండి. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

ఆవిడ కూతురి జడ కొస సవరిస్తూ, అతని వైపు చూడకుండా అంది: "రోజూ రెండో జడ మీరే వెయ్యాలి. వ్యాన్‌లో కాదు. ఇంట్లో."

"ఇప్పుడు రెండు చెవులకీ వినబడింది!" అంది పైనుంచి అత్తయ్యగారు.

ఇంతే కథ. మీలో తెలివైనవాళ్లు జడ్జిగారి తీర్పు దగ్గర కాస్త ఆగి ఉంటారు. అమ్మ తక్కువ రాసింది అంది గాని, వాన చెరిపింది అనలేదు. ఆ శుక్రవారం వాన పడలేదు. ఎండ చురచురలాడింది. ఆవిడ రాసిందే ఒక్క మాట, పార్సిళ్ల మీద రాసే పెద్దపెద్ద అక్షరాలతో, పొడిగా, స్పష్టంగా. దాన్నే అతను అలా చదువుకున్నాడు. ప్రేమలో ఉన్నవాడికి చదువు అంతంతమాత్రం. పెళ్లికి ముందు రోజు నా దగ్గరికొచ్చి, "తాతా, నువ్వు అందరికీ చెబుతావని తెలుసు. నా పరువు కోసం కాస్త వాన పెట్టవూ?" అని బతిమాలాడు. పెళ్లికొడుకు అడిగితే కాదంటామా, కురిపించాను.

ఒక్క చుక్క కలపనన్న మాట మాత్రం తప్పలేదు సుమా. ఒక్క చుక్కా అది? కుండపోత!