ఎవరూ ఇవ్వని ప్రింటు

సరిగ్గా ఆరూ ముప్ఫై ఎనిమిదికి ఆ అమ్మాయి వెన్నులో మొదటిసారి చలి పుట్టింది. టైము అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడు తను స్క్రీన్ మూలనున్న గడియారమే చూస్తోంది, ఏడింటి బస్సు అందుతుందా లేదా అని. రిపోర్టులో ఆఖరి లైను ఇంకా టైపు చెయ్యలేదు. ప్రింట్ ఇవ్వనే లేదు.

వెనకాల... ప్రింటర్ కదిలింది.

ముందు చిన్నగా మూలిగింది. తర్వాత లోపల చక్రాలేవో తిరిగాయి. ఆ తర్వాత కర్ర్‌మని ఒక కాగితాన్ని లోపలికి లాక్కుంది.

ఆఫీసులో తను తప్ప ఇంకెవరూ లేరు.

అసలు ఆ గదికి మంచి పేరే లేదు. మూడో అంతస్తు చివర, వరండా లైటు చేరని చోట ఉంటుంది. భూములు కొలిచి మ్యాపులు గీసిచ్చే చిన్న ఆఫీసు అది. రెండు బల్లలు, రెండు కంప్యూటర్లు, మధ్యలో ఒక్కటే ప్రింటర్. చీకటి పడితే ఊడ్చే మనిషి కూడా అటు రాదు. మొదటిరోజే వాచ్‌మన్ తాత ఆమె చెవిన వేశాడు.

"ఆరు దాటాక ఉండకమ్మా. రాత్రిళ్లు ఆ గదిలో మిషను దానంతటదే మూలుగుతుంది. తలుపు సందులోంచి నీలం వెలుతురు... తాళం మాత్రం వేసే ఉంటుంది. నా కళ్లతో చూశా."

"లోపలికెళ్లి చూడలేదా తాతా?"

"నాకేం పోయేకాలం? నా డ్యూటీ గేటు దగ్గర."

ఆ రాత్రి ఇంట్లో చెబితే అమ్మ గిన్నెలు తోముతూనే అంది. "దెయ్యమైతే ఏంటే? అదైనా రోజూ ఆఫీసుకి పోతోంది. నువ్వు ఒక్కరోజుకే మానేస్తానంటావా?"

డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నర అయింది. దొరక్క దొరక్క దొరికిన ఉద్యోగం. నోరు మూసుకుని మర్నాడు మళ్లీ వెళ్లింది.

ఓనరు గారు ఎప్పుడూ ఎండలో కొలతల పనిమీదే ఉంటారు. ఆఫీసులో కూర్చునేది మ్యాపులు గీసే పెద్దాయన ఒక్కడే. రిటైరయ్యే వయసు. జేబులో పెన్నుకి బదులు చిన్న స్కేలు పెట్టుకుంటాడని అందరూ స్కేలు బాబాయి అంటారు. ప్రింటర్ వైరు ఆయన కంప్యూటర్‌కే ఉంది. రెండో కంప్యూటర్ కిటికీ పక్క మూలన, మీద పాత దుప్పటి గుడ్డ కప్పి ఉంది.

"అది వద్దులేమ్మా. నా దాంట్లోనే చేసుకో. నేను లేస్తా." తన కుర్చీ ఇచ్చేసి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు.

ఇంకో విచిత్రం, ఆయన కంప్యూటర్ ఆపడు. పగలు లేదు, రాత్రి లేదు. ఆ అమ్మాయి సాయంత్రం ఆపబోతే గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆపకు... ఆపొద్దు."

ఎందుకు ఆపడో రెండోరోజు మధ్యాహ్నం తనే చెప్పాడు. క్యారియరు మూత తీసి, తినకుండా, ఆ దుప్పటి గుడ్డ వైపే చూస్తూ.

ఆ మూల కంప్యూటర్ టైపిస్టక్కది. ఈ అమ్మాయికన్నా నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది, అంతే. నోరు ఊరుకోని మనిషి. బాబాయి ఆమెను కోతి అనేవాడు. ఆమె ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ బాబాయి గీస్తున్న మ్యాపు స్క్రీన్ మీద బిగుసుకుపోయేది.

"ఒసే కోతీ, మళ్లీ నొక్కావా!"

"మీ కంప్యూటర్‌కి మీ వయసే వచ్చింది బాబాయ్. మెల్లగా లేస్తుందిలెండి."

రోజూ ఇదే గొడవ. ఇదే నవ్వులాట.

పదకొండు నెలల కిందట ఒక సాయంత్రం బాబాయి ప్రింటర్‌లో దళసరి మ్యాపు షీటు పెట్టాడు. ఉన్నది అదొక్కటే. మూడు రోజులు గీసిన మ్యాపు. "ఎవరూ ప్రింట్ ఇవ్వకండి" అని అరిచి, మ్యాపు పంపబోతుండగా... షీటు దానంతటదే లోపలికి పోయింది. బయటికొచ్చాక చూస్తే మ్యాపు లేదు. షీటు మీద అక్క టైపు చేసిన కాలువ పక్క స్థలం రిపోర్టు ఉంది!

"అప్పుడు నవ్విందమ్మా. భయపడి నవ్విందో ఏమో, నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ షీటు చింపేసి, ఇక నీ ప్రింట్లు నువ్వే చూసుకో అని కంప్యూటర్ కట్టేసి దిగిపోయా. దాని పాస్‌వర్డు నాకొక్కడికే తెలుసు. ఆ రిపోర్టు పొద్దున్నే కావాలని కూడా తెలుసు. తెలిసే పోయా."

బయట వాన. అక్క ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రోడ్డవతలున్న జిరాక్సు షాపుకి బయల్దేరింది. రోడ్డు దాటలేదు. లారీవాడికి వానలో మనిషి కనబడలేదట.

"నాకు మనసొప్పక ఏడుంబావుకి వెనక్కొచ్చా. వానకి కరెంటు పోయింది. చీకట్లోనే కూర్చున్నా. కరెంటొచ్చాక నాది ఆన్ చేసి పెట్టా, వచ్చి ప్రింట్ తీసుకుంటుంది కదా అని. తొమ్మిదిదాకా చూస్తూనే ఉన్నా. దానిది మాత్రం నల్లగా అలాగే ఉంది... అప్పట్నించీ నాది ఆపలేదు."

క్యారియరు మూత మళ్లీ పెట్టేశాడు. తనకి తనే చెప్పుకున్నట్టు అన్నాడు.

"నేను ఎప్పుడొచ్చినా ఒకటేలేమ్మా. అది నా వెనకాలే దిగిపోయుంటుంది. అంత రోషం దానికి. పది నిమిషాల్లో వెనక్కొచ్చినా అందేది కాదు. అదొక్కటే నన్ను నిలబెడుతోంది."

నాలుగోరోజు బాబాయి కళ్ల డాక్టరు దగ్గరికని మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. స్క్రీన్ మీద పెద్ద మ్యాపు తెరిచి పెట్టి, "ఇది సగంలో ఉంది, ఇవాళ్టికి ముట్టుకోకు" అని మరీ చెప్పాడు. సాయంత్రం ఓనరు గారి ఫోను. రిపోర్టు అర్జంటు. బాబాయిది ఖాళీ లేకపోతే మూలనున్నది వాడమన్నారు, ఎంతకాలమని గుడ్డ కప్పి పెడతామన్నారు.

గుడ్డ తీస్తే దుమ్ము లేచింది. ఆన్ చేస్తే ఒక్క పిలుపుకే లేచింది. కానీ రిపోర్టు చివరికొచ్చాక చూస్తే అందులో ప్రింటర్ కనబడట్లేదు. కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడికి ఫోను చేసింది.

"అక్కా, వెనకాల నీలం వైరు ఊడి ఉంటుంది చూడు. పక్కనున్న చిన్న డబ్బాలో టప్‌మనేదాకా నొక్కు. రెండు కంప్యూటర్లకీ అదే దారి."

నొక్కింది. టప్‌మంది. కుర్చీలో కూర్చుని గడియారం చూసింది.

ఆరూ ముప్ఫై ఎనిమిది.

కాగితం బయటికొచ్చింది. వెంటనే ఇంకోటి. ఇంకోటి...

మూడు కాగితాలూ ఒకటే. కాలువ పక్క స్థలం రిపోర్టు. పైన తారీఖు... పదకొండు నెలల కిందటిది.

నాలుగోసారి చక్రాలు తిరిగాయి. తిరిగి ఆగిపోయాయి. ఎర్రలైటు టప... టప... ట్రేలో కాగితాలు అయిపోయాయి.

ఆ అమ్మాయి గోడకి వీపు ఆనించి నిలబడింది.  మళ్లీ ఆ కుర్రాడికే ఫోను చేసి గుసగుసలాడింది.

"తమ్ముడూ... అది దానంతటదే కొడుతోంది. టైపిస్టక్క రిపోర్టు కొడుతోంది."

అక్క ఉన్నప్పట్నించీ ఆ ఆఫీసు మిషన్లు చూసేది ఆ కుర్రాడే. మెల్లగా అన్నాడు. "అక్కా, దెయ్యం లేదు గియ్యం లేదు. ఆ మూల కంప్యూటర్ నుంచి ఏది ఇచ్చినా బాబాయి కంప్యూటర్ మీదుగానే పోవాలి. అది ఆపేసి ఉంటే, ఇచ్చినవన్నీ ఆ మూల దాంట్లోనే వరసలో నిలబడిపోతాయి. ఎన్నాళ్లైనా నిలబడతాయి. రెండూ ఒకేసారి వెలగాలి, మధ్య వైరు ఉండాలి. ఆ రోజు తర్వాత అవి రెండూ కలిసి వెలిగింది... ఇప్పుడే."

"మరి రాత్రిళ్లు మూలుగు?"

"ఆ ప్రింటర్ ఆన్‌లో ఉంటే మధ్యమధ్యలో లోపల శుభ్రం చేసుకుంటుంది. నీలం వెలుతురు బాబాయి స్క్రీన్‌ది. నీ స్క్రీన్ మూలన ప్రింటర్ బొమ్మ నొక్కు, వరస కనబడుతుంది."

నొక్కింది. ఆ రోజు ఇచ్చినవి టైముతో సహా ఉన్నాయి. ఆరూ నాలుగుకి రిపోర్టు, ఆరూ ఇరవైకి రిపోర్టు, ఆరూ నలభైకి రిపోర్టు... ఆ మూడూ వచ్చేశాయి. ఇంకా మిగిలింది ఒక్కటే. ఆరూ యాభై ఆరు. ఆ ఫైలు పేరు — బాబాయికి.

ఎర్రలైటు వెలుగుతూ ఆరుతూనే ఉంది. కాగితం కోసం.

బీరువా తీసి ఒక్కటంటే ఒక్క కాగితం తెచ్చి ట్రేలో పెట్టింది.   అప్పటికే భయం ఎటో పోయింది.

కాగితం మెల్లగా, తల ముందు పెట్టి, బయటికొచ్చింది.

"బాబాయ్, తప్పు నాదే. చూసుకోకుండా నొక్కేశా. నవ్వొచ్చి నవ్వలేదు, మీ మొహం చూసి భయమేసి నవ్వా. నాకు మీ మీద కోపం లేదు. మీకూ ఎంతోసేపు ఉండదు, మీరు వెనక్కొస్తారని నాకు తెలుసు. అందుకే ఏడింటిదాకా ఇక్కడే కూర్చుంటా. అప్పటికీ రాకపోతే షాపుకెళ్లి తీయించుకొస్తా. మీరొచ్చి ఆన్ చేస్తే ఇది దానంతటదే వస్తుంది, జడుసుకోకండి. రేపు మీ తిట్లు తినడానికి తొందరగా వస్తా. ఇట్లు, మీ కోతి."

ఆ అమ్మాయి అది నిలబడే చదివింది. చదివాక కూర్చుంది.

ఏడింటిదాకా... అంటే అక్క వెంటనే దిగిపోలేదు. ఆరూ నాలుగు నుంచి యాభై ఆరు నిమిషాలు కిటికీ పక్కన కూర్చుని మెట్ల చప్పుడు వింటూనే ఉంది. బాబాయి పదిహేను నిమిషాలు ముందొచ్చి ఉంటే...

స్క్రీన్ మీద వరసలో ఇక రావాల్సిందేం లేదు. ఫైలు కోసం వెతికితే కంప్యూటర్‌లో ఎక్కడా లేదు. ప్రింట్ ఇచ్చేసి చెరిపేసినట్టుంది. ఇక ఈ ఉత్తరానికి ఇదొక్కటే కాగితం.

ఇప్పుడది ఆ అమ్మాయి బ్యాగులో, పుస్తకం మధ్యలో ఉంది. ఇల్లంతా నిద్రపోయింది, తనకే నిద్ర లేదు. రేపు పొద్దున తొమ్మిదికల్లా బాబాయి వస్తాడు.

ఇస్తే, పదకొండు నెలలుగా ఆయన వినాలనుకుంటున్న మాట చేతికందుతుంది. కోపం లేదన్న మాట. కానీ దాని వెనకాలే ఇంకో మాట ఉంది. ఆయన్ని ఇన్నాళ్లూ నిలబెట్టిన ఆ ఒక్కదాన్నీ అది లాగేస్తుంది. చింపేస్తే ఎవరికీ తెలీదు... తనకి తప్ప. ఇంకో దారి కూడా తోచింది, తోచినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. ఆ ఏడింటి వాక్యం, షాపు వాక్యం తీసేసి, మిగతాది మళ్లీ టైపు చేసి, కొత్త కాగితం తీయడం. రెండు నిమిషాల పని. కానీ అప్పుడది అక్క రాసింది అవుతుందా?

ఎవర్నీ అడగలేక, ఆ అమ్మాయి మిమ్మల్నే అడుగుతోంది. బాబాయికి ఆ కాగితం ఇచ్చెయ్యాలా? దాచెయ్యాలా? ఆ రెండు వాక్యాలూ తీసేసి ఇవ్వాలా? తెల్లారేలోపు చెప్పండి... మీరైతే ఏం చేస్తారు?