లోపలి అంచు

ఎర్ర కారు గేటు దాటాలంటే ముందు మేస్త్రీ చెయ్యి నాలుగు టైర్ల మీదా తిరగాలి. అది ఆ ఇంటి పద్ధతి. ముప్పై ఏళ్ళు టైర్ల షాపు నడిపి, రెండేళ్ళ కిందట మూసేశాడు గానీ మనిషి మాత్రం ఇంకా షాపులోనే ఉన్నాడు. కూతురి కారు టైర్లు తడిమి చూస్తే తప్ప పొద్దున కాఫీ గొంతు దిగేది కాదు. అరుగుదల కొలిచే పరికరం ఒకటి షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉండేది. “నా అరచెయ్యి ఉండగా అదెందుకు?” అనేవాడు. షాపు నడిచిన రోజుల్లో లారీల వాళ్ళు కూడా ఆ మాటకి తలూపేవారు.

ఆ రోజు తెల్లారక ముందు నుంచీ వాన. కూతురు భుజానికి బ్యాగు తగిలించుకుని గొడుగు కింద నిలబడింది. ఆమె ఫిజియోథెరపిస్టు. కొండ మీది ఆసుపత్రిలో పని. ఆ పక్కనే ఆమె ఏడేళ్ళ పాప బడి. ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు, నోరు క్షణం ఊరుకోదు కాబట్టి. అల్లుడిది వేరే ఊళ్ళో ఉద్యోగం, శనివారాలు వచ్చిపోతాడు.

“నాన్నా, చక్రాల వరస సరిచూసే ఆ అలైన్‌మెంట్ అతను మళ్ళీ చెప్పాడు. ముందు టైర్లు లోపలి వైపు బాగా అరిగిపోయాయట. నాలుగూ మార్చేయమంటున్నాడు” అంది కూతురు.

“వాడికి టైర్లు అమ్ముడుపోవాలి. అందుకని నీవి అరిగిపోయాయి” అన్నాడు మేస్త్రీ, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటూ.

“మెషీన్ మీద చూపించాడు నాన్నా.”

“ఆ మెషీన్ పుట్టకముందు నుంచి నేను టైర్లు చూస్తున్నా.”

“ఎలాగూ మార్చాలి కదా. వానలో బాగా పట్టు ఉండేవి చూసి పెట్టుకున్నా. కాస్త మెత్తటి రబ్బరు.”

“మెత్తటి రబ్బరు!” మేస్త్రీ తలెత్తి కూతుర్ని ఎగాదిగా చూశాడు. “ఏడాది తిరిగేసరికి నున్నగా గుండు కొట్టించుకుంటాయి. నువ్వేమన్నా కార్ల పందేలకి వెళ్తున్నావా? ఆసుపత్రికి వెళ్ళి రావడానికి గట్టి రబ్బరు చాలు. నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదు.”

“ఈ కారు సంగతి నీకు తెలుసు కదా. కాలు పెడితే ఉరుకుతుంది. ఆ మలుపుల్లో, వానలో, నాకు భయంగా ఉంటోంది.”

భయం అన్న మాట ఆమె మామూలుగా వాడే మాట కాదు. అది మేస్త్రీ చెవిన పడలేదు, లేదా పడనివ్వలేదు. టైరు పైనుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, బయటి అంచు నుంచి లోపలి అంచు దాకా నిదానంగా తుడిచినట్టు తీశాడు. నాలుగింటికీ అదే వరస. ముందు ఎడమ టైరుని అన్నిటికంటే ఆఖరున చూశాడు. తర్వాత లేచి, చేతులు తువ్వాలుతో తుడుచుకుని, కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టాడు.

“ఇంకో ఎనిమిది వేల కిలోమీటర్లకి ఢోకా లేదు. వెళ్ళిరా అమ్మడూ.”

“తాతయ్య పాస్ చేసేశాడు!” అని వెనక సీట్లోంచి పిచ్చుక అరిచింది. కూతురు ఒక్క క్షణం ఏదో అనబోయి మానుకుంది. నాన్న మాట మీద ఇంకో మాట అనడం ఆమెకి ఇప్పటికీ చేతకాదు. ఎర్ర కారు వీధి మలుపు తిరిగింది.

వంటింట్లో మేస్త్రీ భార్య కాఫీ గ్లాసు అందించింది. వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. ముందు గదిలో మిషను పెట్టుకుని ఇప్పటికీ కుడుతుంది. పొగలు కక్కే స్టీలు గ్లాసుని ఆయన ఒట్టి చేత్తో గుప్పెట పట్టి తాగడం ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఏ రోజూ ఏమీ అనలేదు. ఆ రోజు మాత్రం ఆయన గ్లాసు కింద పెట్టాక దాని మీద ఎర్రటి చార కనిపించింది.

“ఏమండీ, చేతికి ఆ రక్తమేంటి?”

“రక్తమా?” అన్నాడాయన, పక్కింటివాళ్ళ చెయ్యి గురించి అడిగినట్టు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆయన చెయ్యి కిటికీ వెలుగులోకి లాక్కుంది. చూపుడు వేలి మొదట్లో వెంట్రుకంత సన్నటి తీగ ఒకటి లోపలికంటా దిగి ఉంది. “నా సూది విరిగి ఎక్కడన్నా గుచ్చుకుందేమో” అంటూ గోళ్ళతో పట్టి లాగింది. గోరు పొడుగున వచ్చింది. ఇత్తడి రంగులో మెరిసింది. అంత లోపలి నుంచి లాగినా ఆయన కనీసం ఉస్ అనలేదు.

అరచేతిలో ఆ తీగ వైపు చూస్తున్న మేస్త్రీ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

“ఏమైందండీ?”

అది ఎక్కడిదో ఆయనకి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. టైరు లోపల రబ్బరు కింద ఇత్తడి పూత పూసిన ఉక్కు తీగల వల ఉంటుంది. రబ్బరు పూర్తిగా అరిగిపోతే గాని ఆ తీగ బయటికి రాదు. బయటికి వచ్చిందంటే ఆ టైరుకి ఇంక ఆయుష్షు లేనట్టే. ఆ పొద్దున ఆయన ముట్టుకున్నది ఒక్క కారు టైర్లనే.

“ఫోన్ చెయ్యి. దానికి ఫోన్ చెయ్యి!”

టైలరమ్మ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

“ఎత్తదు” అన్నాడు మేస్త్రీ. “స్టీరింగు పట్టుకున్నాక ఫోన్ ముట్టుకోవద్దని నేనే చెప్పాను. ప్రాణం మీదికి వచ్చినా ముట్టుకోవద్దన్నాను.”

షాపు నాటి పాత వ్యాను తీశారు. టైలరమ్మ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఎక్కేసింది, మెళ్ళో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. వైపర్లు కిర్రుకిర్రుమంటూ సగం నీళ్ళే తుడుస్తున్నాయి. వీధులన్నీ దాటే దాకా ఆమె ఫోన్ చేస్తూనే ఉంది.

“ఎన్నాళ్ళ నుంచి?” అంది చివరికి.

“ఏంటి?”

“చేతులండీ. స్పర్శ పోయి ఎన్నాళ్ళయింది?”

ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “కిందటి వానాకాలం నుంచి. మొదట వేళ్ళ చివర్లే. షుగర్ వల్ల అన్నాడు డాక్టరు.”

“డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చారన్నమాట. మాకు చెప్పకుండా!”

“చెప్తే నన్ను టైర్ల దగ్గరికి రానిస్తారా? అదొక్కటే కదా నాకు మిగిలింది.”

ఆమెకి తిట్టాలని ఉంది. నోటి దాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. “గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతున్నారని నాకు ఏడాదిగా తెలుసు. మీ చొక్కాలన్నిటికీ గుండీలు తీసేసి, నొక్కితే పడే టిచ్ బటన్లు కుట్టాను. నోరు తెరిచి అడగలేదు. చిన్నబుచ్చుకుంటారని.”

“కుట్టావని చూశాను. నేనూ అడగలేదు.”

ఆ మాటకి టైలరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. పవిటకొంగు నోట్లో కుక్కుకుని కిటికీ వైపు తిరిగింది.

కొండ మొదట్లో పెట్రోలు బంకు ఉంది. కొండెక్కే ముందు గాలి చూసుకోవాలన్నదీ మేస్త్రీ పెట్టిన పద్ధతే. అక్కడైనా దొరుకుతుందని ఆశ. ఎర్ర కారు లేదు. టైర్లకి గాలి పట్టే మనిషి వ్యానుని గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

“అమ్మాయిగారు ఇప్పుడే వెళ్ళారు మేస్త్రీ. పది నిమిషాలు కాలేదు. ముందు ఎడమ దాంట్లో గాలి తగ్గిందని నిండా పట్టించుకుని వెళ్ళారు.”

మేస్త్రీ వెంటనే వ్యానుని కొండ వైపు తిప్పాడు. తీగలు తేలిన టైరు, నిండా గాలి, ఎదురుగా కొండ.

ఎక్కుతున్నంత సేపూ ప్రతి మలుపు దగ్గరా టైలరమ్మ కళ్ళు మూసుకుంటోంది, మలుపు తిరిగాక తెరుస్తోంది. ఖాళీ రోడ్డు కనిపిస్తే ఊపిరి. మళ్ళీ మలుపు. స్టీరింగు మీద తన పట్టు ఎంత బిగువుగా ఉందో కూడా తెలియడం లేదని మేస్త్రీకి అప్పుడే తట్టింది. ఇన్నాళ్ళూ మనవరాలిని ఇదే వ్యానులో తిప్పాడు.

ఆరో మలుపు దాటాక రోడ్డు మధ్య నల్లటి రబ్బరు పీలిక కనబడింది. మూరెడు ఉంటుంది. ఒక అంచు నుంచి తీగలు పైకి లేచి ఉన్నాయి. ఆ టైరు మీది గీతల్ని ఆయన ఎక్కడున్నా పోల్చుకోగలడు.

“అదేనా?” అంది టైలరమ్మ.

ఆయన వ్యాను వేగం పెంచాడు.

తర్వాతి మలుపులో ఎర్ర కారు ఉంది. ముక్కు పక్కకి తిరిగి, రోడ్డు చివరి రాతి గోడకి ఒరుసుకుని ఆగి ఉంది. హెచ్చరిక లైట్లు ఆరుతూ వెలుగుతున్నాయి. గోడ అవతల లోయంతా మబ్బు. కారు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. వెనక సీట్లో పిచ్చుక నీళ్ళ సీసా ఒక్కటే పడి ఉంది.

టైలరమ్మ పెట్టిన కేక ఆ కొండంతా వినిపించి ఉంటుంది. మేస్త్రీ గోడ మీదికి వంగి కిందికి చూడాలి, చూడలేడు. రెండు అడుగులు వేశాడు, మూడోది పడలేదు.

“తాతయ్యా! ఇటు! మేము ఇక్కడున్నాం!”

రోడ్డుకి ఈ పక్కన, కొండ వైపు, ఒక బండరాయి చాటున ఇద్దరూ నిలబడి ఉన్నారు. కారు ఆగిపోతే అందులో కూర్చోవద్దని, లోయ వైపు ఉండొద్దని కూడా ఆయనే చెప్పాడు ఎప్పుడో. పిచ్చుక అమ్మ కోటులో దూరి ఉంది. కూతురు నిలువునా తడిసిపోయింది. వణుకుతోంది. టైలరమ్మ ఇద్దర్నీ కలిపి వాటేసుకుని, ఒంటి మీద చేతులు వేసి, తల నుంచి కాలి దాకా తడుముతూనే ఉంది.

“ఏమీ కాలేదమ్మా. టైరు పేలింది. బ్రేకు తొక్కలేదు. కాలు తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకున్నా. నాన్న చెప్పినట్టే పట్టుకున్నా” అంటోంది కూతురు, చెప్పిందే మళ్ళీ మళ్ళీ. “ఫోన్ కారులోనే, బ్యాగు అడుగున ఉండిపోయింది. దాని దగ్గరికి వెళ్ళాలంటే భయమేసింది.” తర్వాత తండ్రి వైపు తిరిగింది. “ఏ మేకో దిగి ఉంటుంది కదా నాన్నా? పొద్దున నువ్వు చూశావుగా.”

అవును అంటే సరిపోయేది. మేకు అంటే ఎవరూ మారు మాట అనేవారు కాదు. ముప్పై ఏళ్ళ పేరు అలాగే నిలిచేది. టైలరమ్మ ఆయన కళ్ళలోకే చూస్తోంది.

“మేకు కాదమ్మడూ” అన్నాడు మేస్త్రీ. చెయ్యి చాపాడు. గాయంలోంచి నెత్తురు వానలో కలిసి కారుతోంది. “తీగ దిగింది నాకు. నాకు తెలియలేదు. ఏడాదిగా ఈ చేతికి ఏదీ తెలియడం లేదు. రోజూ నీ టైర్లు చూసినట్టు నటించాను.”

కూతురికి ఆ మాట తలకెక్కడానికి కొంచెం సేపు పట్టింది.

“అతను ఫొటో కూడా తీసి చూపించాడు నాన్నా” అంది నెమ్మదిగా. “లోపలి అంచు నున్నగా అయిపోయి ఉంది. కళ్ళారా చూశాను. అయినా నువ్వు బాగుంది అన్నావు కాబట్టి నా కళ్ళని కాదనుకున్నాను. నీ చెయ్యిని నమ్మాను. వెనక సీట్లో దీన్ని కూర్చోబెట్టుకుని మరీ నమ్మాను!” చివరి మాట అరుపై బయటికొచ్చింది.

మేస్త్రీ తడి నేల మీద కూలబడ్డాడు. క్షమించమని అడిగే మొహం కూడా తనకి లేదనిపించింది. పిచ్చుక కోటులోంచి బయటికొచ్చి ఆయన పక్కన నిలబడింది. “తాతయ్యని తిట్టకు అమ్మా, ఇప్పటికే ఏడుస్తున్నాడు” అంది.

చెడిన కార్లని లాక్కెళ్ళే బండి వచ్చి ఎర్ర కారుని కొండ మీది టైర్ల షాపుకి చేర్చేసరికి పదిన్నరయింది. వాన తెరిపి ఇచ్చింది. షాపతను రెండు రకాల టైర్లు తెచ్చి ఎదురుగా నిలబెట్టాడు. “ఇది గట్టిదండీ, చాలా కాలం వస్తుంది. ఇది వానలో రోడ్డుని వదలదు, కాకపోతే తొందరగా అరుగుతుంది. ఏది బిగించమంటారు?”

అలవాటు కొద్దీ అందరూ మేస్త్రీ వైపు చూశారు. ఆయన కూతురి వైపు చూశాడు.

“అమ్మాయి ఏరి పెట్టుకున్నది బిగించండి, నాలుగూ. అరిగితే అరగనీ. ముందు అలైన్‌మెంట్ సరిచెయ్యండి, లేకపోతే కొత్తవి కూడా లోపలి వైపే అరిగిపోతాయి.” మళ్ళీ తనే అన్నాడు, “అరుగుదల కొలిచే పరికరం ఉంటే ఒకటి ఇవ్వండి. పిచ్చుకకి.”

చక్రాలు విప్పుతుంటే బెంచీ మీద కూతురు ఆయన పక్కన వచ్చి కూర్చుంది. గాయానికి కట్టు కట్టాక ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. రోజుకి పది మంది చేతులు పట్టుకుని చూసే మనిషి. ఈ చెయ్యి ఒక్కటే ఎప్పుడూ చూడలేదు.

“కళ్ళు మూసుకో నాన్నా. నిజం చెప్పాలి.”

బొటనవేలి కొస తాకింది. “తెలుస్తోందా?”

“లేదమ్మా.”

చూపుడు వేలు. “ఇప్పుడు?”

“లేదు.”

మధ్య వేలు, ఉంగరపు వేలు, అరచెయ్యి. లేదు, లేదు, లేదు. ఆఖరికి ఆమె ఏమీ అడగలేదు. మణికట్టు మీద వెచ్చగా ఒక బొట్టు పడింది.

“అది తెలిసిందమ్మడూ” అన్నాడు మేస్త్రీ, కళ్ళు తెరవకుండానే.

ఆమె ఆయన భుజం మీద తల ఆనించి, పొద్దున్నించీ ఆపుకున్నదంతా ఏడ్చేసింది. టైలరమ్మ పక్కనే నిలబడి మెళ్ళో టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

“తాతయ్యా! మొదటిది బిగించేశారు!” షాపులోంచి పిచ్చుక కేకేసింది, కొత్త పరికరం చేత్తో పట్టుకుని.

“లోపలి అంచు దాకా చూశావా?” అని అడిగాడు మేస్త్రీ.

“చూశాను. నువ్వు కూడా రా. వంగి కళ్ళతో చూడు.”

ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు.