నరం తీసిన బొటనవేలు

"ఇంకా ఎన్నాళ్ళే ఈ గారాలు? నరమే పీకించుకొచ్చావుగా!" అంటూ అత్తగారు బొనారియా పిండిముద్దని పీటమీద దభీమని పడేసింది.

ఎఫీసియా వేలికి ఆపరేషను కట్టు విప్పి నెల కూడా కాలేదు! అయినా పిండిని సన్నటి పోగుగా లాగి, మూడు వేళ్ళకి రెండు చుట్లు చుట్టి, కొసలు నొక్కి, బొటనవేలితో మెలితిప్పింది. లొరిగిట్ట అంటే అంతే... జడ అల్లినట్టుండే, ఉడికించుకు తినే చిన్న పిండి ఉంగరం. ఈ ఇంటి కోడలిగా ముప్ఫై ఏళ్ళుగా అవే తిప్పీ తిప్పీ బొటనవేలి మొదట్లో కీలు అరగదీసుకుంది మహాతల్లి!

"అరిగిన కీలుని నేను బాగుచెయ్యలేనమ్మా," అన్నాడు పట్నంలో డాక్టరు. "నొప్పిని మోసుకెళ్ళే సన్న నరాలు తీసేస్తాను. చాలామందికి హాయిగా ఉంటుంది. అందరికీ కాదు." ఆ చివరి మాట ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. ఎఫీసియా కూడా ఎక్కించుకోలేదు. ఎక్కించుకుంటే ఎలా? కూతురు నెవీనాకి కాల్యరి పట్నంలో నర్సు చదువుకి సీటొచ్చింది. అత్తగారేమో తెగేసి చెప్పింది... "పీట దగ్గర ఒక చెయ్యి ఉండాల్సిందే. నీ చెయ్యి పనికిరాకపోతే దాని చెయ్యి కూర్చుంటుంది!" భర్త అంతియోకో గొర్రెల వంక చూస్తూ, "అమ్మ చెప్పిందిగా," అని ఊరుకున్నాడు. ఆ మొగుడికి అంతకుమించి మాటలు రావు.

కూతురి కోసమే కత్తికి చెయ్యిచ్చింది ఎఫీసియా! కానీ దేవుడికి జాలేదీ? వేలి వెనక చర్మం మొద్దుబారి గిచ్చినా తెలియడం లేదు. లోపల మాత్రం ప్రతి మెలికకీ ప్రాణం పోతోంది...

"నిజం చెప్పమ్మా, నొప్పి లేదూ?" అంది నెవీనా పక్కన చేరి.

"లేదే పిచ్చితల్లీ! నరమే లేనప్పుడు నొప్పెక్కడిది?"

"మరి కళ్ళలో నీళ్ళేంటి?"

"ఉల్లిపాయలు కోశాగా! పో, నీ పెట్టె సర్దుకో."

అలా అయిదు రోజులు నవ్వు మొహంతో తిప్పింది. ఏటా లొరిగిట్టలు వండుకునే సకల పునీతుల పండుగనాడు మధ్యాహ్నం, కోడిపుంజు కూర ఉడుకుతుంటే, అత్తగారు గిన్నెలో నీళ్ళు మరగబెట్టి లొరిగిట్టలు వేసింది. ఎఫీసియా పక్కనే నిలబడి చూస్తోంది. ఒకటి విడిపోయింది... ఇంకొకటి... పదో, పదిహేనో! గట్టిగా నొక్కని కొసలు ఊడి, పోగులు పోగులుగా పైకి తేలాయి. అయిపోయింది! ఇక పిల్ల బతుకు ఈ పీటకే అంకితం!

బొనారియా కోడలి మొహం వైపు చూసింది. తర్వాత వేలి వైపు చూసింది. చిల్లుల గరిటెతో విడిపోయినవన్నీ ఒక్కొక్కటీ ఏరి, తన పళ్ళెంలో వేసుకుని, పైన కూర కుమ్మరించింది. నిలిచినవి మిగతావాళ్ళకి వడ్డించింది.

"ఎలా ఉన్నాయి నానమ్మా?" అంది నెవీనా బల్ల దగ్గర, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

"ఎలా ఉంటాయి? మీ అమ్మ చేసినవి, రాళ్ళల్లే ఉన్నాయి! ఒరే అంతియోకో, సోమవారం పిల్లని బస్సెక్కించు," అని చివరి ముక్కదాకా తినేసింది ముసలావిడ.

గిన్నెలు కడిగే దగ్గర ఎఫీసియా ఆగలేకపోయింది. "అత్తయ్యా... మీరు చూశారు..."

"చూశాను. కళ్ళున్నాయిగా."

"నాకు నొప్పి పోలేదత్తయ్యా!" అని ఘొల్లుమంది. నెలరోజులు దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా బయటపడింది.

"మెల్లగా ఏడువు, పిల్ల వింటుంది! నా కూతుర్ని ఈ పీటకి కట్టేశాను. పెళ్ళయి పోయాక ఒక్కసారైనా ఈ గడప తొక్కిందా? నీకూ ఆ గతి ఎందుకని..." బొనారియా కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. "సరేలే. పిండి తడిపి పెట్టు."

సోమవారం బస్సు కదిలింది. కిటికీలోంచి నెవీనా చెయ్యి ఊపుతుంటే, ఎఫీసియా కుడిచెయ్యి నడుముకి కట్టుకున్న గుడ్డలో దాచుకుని ఎడమచేత్తో ఊపింది. పిల్ల గట్టెక్కింది... అంతే చాలు! తన సంగతా? తనని ఎవరడిగారు?

ఇంటికొచ్చేసరికి పీట సిద్ధంగా ఉంది. అత్తగారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"గట్టిగా నొక్కవే. ఇన్నిన్ని విడిపోతుంటే, దాచడానికి నా ఒక్క పళ్ళెం చాలదు."