ఉప్పు బస్తాలో ఓడ గొంతు

"ఏజెంట్ నవీనా! టార్గెట్ మద్దేడ్ సంతలోనే ఉంది. గంటలో దాని నోరు మూయించాలి."

చెవిలో దాచిన రేడియోలో వినీత గొంతు. ఎనిమిదేళ్లుగా ఆ గొంతు లేమ్మంటే నవీన లేచింది, దూకమంటే దూకింది. వినీత అంటే మాటలా? ఆరు భాషలు, చూసినవాళ్లు చూపు తిప్పుకోలేని అందం, డిపార్ట్‌మెంటులో మంచి పేరు. సెలవులొస్తే వినీత భోజనం నవీన వాళ్లింట్లోనే. నవీన తమ్ముడు దుర్గేశ్‌కి ఓడలో ఉద్యోగం చూపించింది కూడా ఆవిడే.

"బ్రీఫింగ్ చెప్పక్కా."

"బంగాళాఖాతంలో తుపాను. ఒక విదేశీ ముఠా దొంగ బీకన్‌తో ఆపద సిగ్నల్ పంపిస్తోంది. ఏ ఓడ పేరుతోనో తెలుసా? మీ దుర్గేశ్ ఓడ."

నవీన చెవిని అరచేత్తో నొక్కుకుంది. "మరి వాడు?"

"క్షేమం. అసలు బీకన్ ఓడ మీదే ఉంది. కానీ ఈ దొంగది ఆగకపోతే, నిజంగా ఆపదొచ్చిన రోజు వాళ్ల మాట ఎవరూ నమ్మరు. ఆపాక కోడ్‌వర్డ్, 'పాప పడుకుంది'. నేను బీజాపూర్ నుంచి బయల్దేరుతున్నా. వచ్చి తీసుకుంటాను."

చింతపండు కొనే వ్యాపారి వేషంలో, నెత్తిన గోనె కప్పుకుని, నవీన సంతంతా తిరిగింది. సముద్రమెక్కడ, ఈ బస్తర్ అడవులెక్కడ! అయినా తుపాను తోక ఇక్కడిదాకా సాగి మూడు రోజులుగా ఒకటే ముసురు. సెల్ టవర్లు కూడా పడుకున్నాయి. చేతికున్నది డిపార్ట్‌మెంటు గాజు. సిగ్నల్ దగ్గరయ్యే కొద్దీ సన్నగా వణుకుతుంది. తిరుపతమ్మ ఉప్పు దుకాణం ముందుకి రాగానే జ్వరమొచ్చినట్టు వణికింది.

సారపప్పు తెచ్చినవాళ్లకి ఉప్పు కొలిచిచ్చే ముసలమ్మ తిరుపతమ్మ. ఆమె బస్తాలు రాత్రీ పగలూ బయటే ఉంటాయి. ఉప్పునెవరు ఎత్తుకుపోతారు?

"ఏంది బిడ్డా, బస్తాలు పిసుకుతున్నవ్? ఉప్పు కొంటవా, వైద్యం చేస్తవా?"

"ఈ బస్తా ఎవరిదమ్మా?"

"పోయిన సంతకి ఒకామె ఉంచిపోయింది. మస్తు సోకుమనిషి. ఎవర్నీ ముట్టనియ్యకన్నది. చెమ్మకి కారి కారి సగమైంది, సూడు."

నవీన బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టింది. తడి ఉప్పులో నారింజ రంగు బీకన్, నెత్తిన దీపం మిణుకుమిణుకుమంటూ. నీళ్లు తగిలితే తనంతట తనే మేలుకునే యంత్రమది. దాచినవాళ్లు ఉప్పుకి చెమ్మ పడుతుందన్న మాటే మరిచారు. నవీన తుడిచి మీట నొక్కింది. దీపం ఆరింది.

"పాప పడుకుంది."

"నా బంగారం," అంది వినీత.

అప్పుడు కనిపించింది, బీకన్ అడుగున అంటించిన చీటీ. నెలనెలా బీకన్‌ని పరీక్షించి తేదీ వెయ్యడం ఓడల్లో రివాజు. ఐదు తేదీలున్నాయి. ప్రతి తేదీ పక్కనా దుర్గేశ్ సంతకం, కింద రెండు గీతలు గీసే వాడి అలవాటుతో సహా.

దొంగ బీకన్‌కి తమ్ముడెందుకు సంతకం పెడతాడు? ఇదే అసలుది. ఓడ మీదున్నది ఉత్త డొల్ల. వాడి కేకని తన చేత్తోనే నొక్కేసింది!

మళ్లీ మీట వెయ్యబోయేలోగా జీపు వచ్చి ఆగింది.

"కింద పెట్టు నవీనా." వినీత చేతిలో పిస్తోలు.

"ఇగో, ఈమెనే!" అంది తిరుపతమ్మ.

నవీన తన పిస్తోలు తీసి ట్రిగ్గర్ నొక్కింది. ఉత్త 'టక్'.

"నిన్న నువ్వు స్నానానికి వెళ్లినప్పుడే గుళ్లు తీసేశాను."

"మా అమ్మ చేతి అన్నం తిన్నావక్కా!"

"ఓడలో ఒక రహస్య రాడార్ పెట్టె ఉంది. మావాళ్లు చెడగొట్టిన ఇంజిన్, రేడియో ఆగి అరగంటైంది. చప్పుడు లేకుండా మునిగితే, ఎక్కడ మునిగిందో మావాళ్లకొక్కరికే తెలుస్తుంది, పెట్టె వాళ్లదే. ఎల్లుండి ఈ బీకన్ని ఇంకోచోట సముద్రంలో వదిలితే లోకమంతా అక్కడ వెతుక్కుంటుంది." వినీత గొంతు కాస్త తగ్గింది. "దుర్గేశ్‌ని ఈ ట్రిప్పుకి సెలవు పెట్టమన్నాను. వినలేదు."

"నా దుకాణం ముందట తుపాకి సూపెడ్తవా? బేరాల్ చెడగొడ్తున్నవ్!"

తిరుపతమ్మ తక్కెడ పక్కనున్న రెండు కిలోల గుండు తీసి వినీత మణికట్టు మీద ఒక్కటేసింది. పిస్తోలు బురదలో పడింది. మరుక్షణం అది నవీన చేతిలో ఉంది, వినీత నడుం నుంచి లాక్కున్న శాటిలైట్ ఫోన్ చెవి దగ్గరుంది.

సముద్ర రెస్క్యూ కేంద్రంలో ఆఫీసర్ చక్రధరరావు ఎత్తాడు. "అది దొంగ సిగ్నలని వినీతగారు చెప్పారు కదమ్మా. ఆగిపోయింది కూడా."

"ఆపిన పాపిష్టిదాన్ని నేనే సార్! మళ్లీ వేస్తున్నా, చూడండి. బీకన్ అసలుది, ఓడ నుంచి దొంగిలించింది. ఒక్కసారి ఓడని పిలవండి. పలికితే నా ఉద్యోగం తీసెయ్యండి."

ఒక నిమిషం. రెండు.

"పలకట్లేదు," అన్నాడాయన. "ఆఖరిసారి ఎక్కడుందో మా దగ్గరుంది. హెలికాప్టర్లు లేస్తున్నాయి."

గంటన్నర గడిచింది. అప్పుడు ఫోన్ మోగింది. ఓడలో ఆఖరివాడు, ఇరవై రెండో మనిషి, తాడు పట్టుకుని గాల్లోకి లేచిన క్షణంలోనే ఓడ ఒరిగి మునిగిందట. ఆ ఇరవై రెండోవాడు దుర్గేశ్. చక్రధరరావు లైను కలిపాడు.

"అక్కా! బతికాం!" వాడి పళ్లు చలికి కటకటలాడుతున్నాయి. "వినీతక్క కంగారు పడుతుంటుంది. నేను బాగానే ఉన్నానని చెప్పవా?"

నవీన జీపు వైపు చూసింది. బస్తా తాడుతో చేతులు కట్టేసి ఉన్న వినీత తల తిప్పుకుంది.

"వింటూనే ఉందిరా," అంది నవీన. "సంతోషం పట్టలేక మాట రావట్లేదు."