గాలికి నిలిచిన వరి

"నీ వరేటి బాబూ, ఇలా నేల మీద పడుకున్నాది?"

గట్టు మీద నిలబడి తాయారు నిలదీసింది. అది 1966. గజపతినగరం దగ్గర ఆమె తండ్రి అప్పలసూరి మడి మొత్తం తుపాను గాలికి ఒరిగిపోయింది.

వ్యవసాయ శాఖ అసిస్టెంటు జగన్నాధం ఒరిగిన కంకినొకదాన్ని చేత్తో ఎత్తి చూశాడు. ఊరి పాత విత్తనంలో రకరకాల మొక్కలు కలిసి ఉండేవి. మూడేళ్ళుగా వాటిలో బరువైన కంకులే ఏరి, ఆ గింజలే మళ్ళీ వేయించాడు.

"బరువు చూసే సెలెక్ట్ చేశాను తాయారూ. ఏటేటా పెరిగింది కూడా."

"బరువడిగావు, బరువిచ్చింది. నిలబడమని అడిగావేటి?"

అతను తలెత్తాడు. ఆమె కనురెప్పల మీద వాన చినుకులు. కాలేజీలో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

"మరేం చెయ్యను?"

"సూడు, అక్కడక్కడ పడనివున్నాయి. అవే ఏరు."

బురదలో తిరిగి ఇద్దరూ నలభై ఒక్క దుబ్బులు ఏరారు. కంకులు చిన్నవి. అప్పలసూరి పెదవి విరిచాడు.

"ఈసారీ పడిపోతే నా మడిలో అడుగెట్టకు బాబూ."

జగన్నాధం తాయారు వైపు చూశాడు. మడిలోకి రాకపోతే ఆమెను చూసేదెలా?

రెండేళ్ళు పద్ధతి మార్చారు. ముందు కాండం గట్టిదనం, ఆ తర్వాతే కంకి బరువు. తాయారు ఒక్కో దుబ్బునూ అరచేత్తో తోసేది. అతను నోట్‌బుక్కులో రాసేవాడు.

"రాయడం మానీసి నన్ను సూస్తన్నావేటి?"

"దుబ్బు నిలబడిందో లేదో చూస్తున్నా."

"దుబ్బు ఇటున్నాది!"

1968 నవంబరులో మళ్ళీ గాలీవానా వచ్చింది. వెలిశాక ముగ్గురూ పరుగెత్తారు. దారి పొడవునా పొలాలన్నీ చాపలా పరుచుకున్నాయి. అప్పలసూరి మడి మాత్రం నిటారుగా నిలబడి, నిండు కంకులతో నీళ్ళు విదుల్చుకుంటోంది.

జగన్నాధం గబగబా మడిలోకి దిగాడు.

"అదే విత్తనం తాయారూ! మనం అడిగేది మార్చాం, అంతే. పంటే మారిపోయింది."

అప్పలసూరి వంగి ఒక కాండాన్ని వేళ్ళతో తడిమాడు.

"గింజ ఇంత మాట వింటాదేటి..." అన్నాడు మెల్లగా.

ఆ క్షణాన జగన్నాధానికి ధైర్యం వచ్చింది. "మీ అమ్మాయిని నాకిస్తారా?"

"నన్నడుగుతావేటి? దాన్నడుగు."

తాయారు చూపు తిప్పుకుంది. "నీకు ట్రాన్స్‌ఫరయితే?"

"ఎక్కడికైనా నువ్వు రావాలి. నువ్వు లేకుండా ఏ మొక్కను ఏరాలో నాకు తెలీదు."

ఆమె తల ఊపింది. అప్పలసూరి నవ్వాడు. "సరే, కోతలయ్యాక ముహూర్తం ఎట్టుకుందాం."

"కోతలయ్యేదాకా ఆగాలేటి?" అనేసింది తాయారు. వెంటనే నాలిక కరుచుకుని, ఇద్దరికీ ముఖం కనబడకుండా గట్టు వెంట పరుగెత్తింది.